ఆర్‌ని ఈతో గుణించారా?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. నేవల్ ఆర్కిటెక్చర్‌లో ఎంటెక్ చేస్తున్నాను. థీసిస్ లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొడుతున్నాను. రెండో అధ్యాయం చూసిన గైడ్ గారు రేనాల్డ్స్ నంబరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఆర్‌ని ఈతో గుణించారా? కలిపి, ఐటాలిక్‌లో పెట్టండి" అని రాశారు. నాలుగో అధ్యాయం చూసిన కో-గైడ్ గారు అవే రెండక్షరాల దగ్గర "ఐటాలిక్ వద్దు, నిలువుగా ఉండాలి" అని రాశారు. ఓడ స్థిరత్వం లెక్కల్లో వచ్చే జీఎం, జీజెడ్ లాంటి దూరాల పేర్లలో కూడా అక్షరాలు విడివిడిగా పడుతున్నాయి. మా ఫ్రెండ్ అన్నిటినీ టెక్స్ట్ కమాండ్‌లో పెట్టేయమంది. పెడితే కొన్ని చోట్ల నిలువుగా, కొన్ని చోట్ల వాలుగా వస్తున్నాయి. ఆ పేజీల ఫొటోలు పంపుతున్నాను. ఎవరి మాట వినాలి? సబ్‌మిషన్‌కి 3 వారాలే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో చిన్న సందేహం. మా వీధిలో స్కూలు సైన్స్ ఫెయిర్ చార్టుకి తెలుగు మాటలతో సూత్రాలు కొట్టిస్తానని మాటిచ్చాను. మ్యాథ్ మోడ్‌లో తెలుగు అక్షరాలు మాయమైపోతున్నాయి. ఎందుకు?
– ఒక ఎంటెక్ విద్యార్థిని, పెదవాల్తేరు

సమాధానం: అమ్మా, ముందు టెన్షన్ పక్కన పెట్టండి. మీ గైడ్ గారూ కరెక్టే, కో-గైడ్ గారూ కరెక్టే. మీరు పంపిన ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. రెండో అధ్యాయం ఓడకి నీళ్లలో ఎదురయ్యే నిరోధం గురించి. అక్కడ ఆర్, ఈ అనే రెండక్షరాలు కలిసి రేనాల్డ్స్ నంబరు. నాలుగో అధ్యాయం అలల మీద ఓడ ఎలా ఊగుతుందన్న దాని గురించి. అక్కడ అవే రెండక్షరాలు సంకీర్ణ సంఖ్యలో వాస్తవ భాగాన్ని, అదే రియల్ పార్ట్‌ని, తీసుకోమని చెబుతున్నాయి. మొదటిది రాశి. దానికి ఒక విలువ ఉంటుంది, ఓడ వేగం మారితే అదీ మారుతుంది. రెండోది ఒక పని, సైన్, లాగ్ లాంటిది. అచ్చులో రాశులు వాలుగా, సైన్, లాగ్ లాంటి పనులు నిలువుగా ఉండటం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఐఎస్‌ఓ 80000-2 ప్రమాణం కూడా అదే చెబుతుంది. ఒకే పేరున్న ఇద్దరికి మీరు ఒకే చొక్కా తొడిగారు. చూసిన పెద్దలిద్దరూ ఎవరి అధ్యాయంలో మనిషి గురించి వాళ్లు చెప్పారు, అంతే.

ఇప్పుడు ఆ ఎర్ర సున్నా దగ్గరికి వద్దాం. మీరు రాసింది ఐటీటీసీ (అంతర్జాతీయ టోయింగ్ ట్యాంక్ సమావేశం) 1957 సూత్రం. రేనాల్డ్స్ నంబరుకి 10 ఆధారంగా లాగ్ తీసి, అందులోంచి 2 తీసేసి, వర్గం చేసి, 0.075ని దానితో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో టోయింగ్ ట్యాంకు (ఓడ నమూనాలని నీళ్లలో లాగి పరీక్షించే తొట్టి) ఉన్న విశాఖ మనది, ఈ సూత్రం నోటికి వచ్చినవాళ్లు ఇక్కడ బోలెడుమంది ఉంటారు. మీ కాగితం మీద లాగ్ చక్కగా నిలువుగా ఉంది. దాని కింద 10 ఉంది. ఆ తర్వాత వాలుగా ఒక ఆర్, వెంట్రుకంత ఎడం, వాలుగా ఒక ఈ. గణితం అలవాటున్న కంటికి అక్కడ రేనాల్డ్స్ కనబడడు. ఆర్ అనే ఏదో రాశి, దాని పక్కన ఈ అనే స్థిరాంకం, అంటే 2.718, కనబడతాయి. కాబట్టి గైడ్ గారు వెటకారం చేయలేదు, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివారు.

అలా ఎందుకు పడిందంటే, లేటెక్ లోపల పనిచేసే టెక్ మీరు చెప్పిందే చేసింది. గణితంలో రెండక్షరాలు పక్కపక్కన రాస్తే గుణించమని అర్థం. ఏబీ అంటే ఏ ఇంటూ బీ. డోనాల్డ్ నూత్ గారు 1977లో టెక్ మీద పని మొదలుపెట్టినప్పుడు ఈ మర్యాదనే పట్టుకున్నారు. డాలర్ గుర్తుల మధ్య, అంటే మ్యాథ్ మోడ్‌లో, మీరు కొట్టే ప్రతి అక్షరం ఒక విడి గుర్తు. స్పేస్ బార్ ఎన్నిసార్లు నొక్కినా అక్కడ లెక్కలోకి రాదు. పైగా ఆ అక్షరాలు వచ్చేది మామూలు ఐటాలిక్ ఫాంట్‌లోంచి కాదు. గణితం కోసం విడిగా గీసిన ఐటాలిక్ ఒకటుంది. అందులో అక్షరాలు పదంలో ఒదిగి కూర్చోవడానికి తయారైనవి కావు, తలా ఒక కుర్చీ వేసుకుని విడిగా కూర్చుంటాయి.

దీన్ని కళ్లారా చూడాలంటే ఒక పని చేయండి. ఆఫ్‌సెట్ అనే ఇంగ్లిష్ మాటని డాలర్ల మధ్య ఒకసారి, మ్యాథ్‌ఐటీ కమాండ్‌లో పెట్టి ఇంకోసారి కొట్టి, రెండూ ప్రింటు తీయండి. (కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు బ్యాక్‌స్లాష్ పెట్టి ఇంగ్లిష్ అక్షరాలే కొట్టండి. మ్యాథ్ తర్వాత ఐ, టీ, ఆ తర్వాత మీసాల బ్రాకెట్.) మొదటిదాంట్లో రెండు ఎఫ్‌లు ఒకదాన్నొకటి ముట్టుకోకుండా, బస్సులో గొడవపడిన ఇద్దరిలా ఎడమొహం పెడమొహంగా ఉంటాయి. రెండోదాంట్లో ఆ రెండూ కలిసి ఒకే ముద్దగా పడతాయి. మాట మాటలా కనబడుతుంది. తేడా ఇంతే. మీ రేనాల్డ్స్ నంబరుకీ, ఫ్రూడ్ నంబరుకీ ఈ మ్యాథ్‌ఐటీయే మందు.

ఫ్రూడ్ దగ్గర ఇంకో చిక్కుంది, ఫొటోలో మీ మూడో సూత్రంలో కనబడింది. ఎఫ్, ఆర్ కొట్టి పైన 2 పెట్టారు. విడివిడి అక్షరాలుగా ఉంటే ఆ 2 ఆర్ ఒక్కదాని నెత్తినే కూర్చుంటుంది. ఎఫ్ ఇంటూ ఆర్ స్క్వేర్ అని చదువుతారు. మ్యాథ్‌ఐటీలో రెండూ కలిసి ఒక మాటగా పడితే ఘాతం మొత్తం మాటకి చెందినట్టు కన్ను దానంతటదే తీసుకుంటుంది. అయినా అనుమానంగా ఉంటే బ్రాకెట్ వేయండి, తప్పేం లేదు.

అసలు గణితం ఒంటి అక్షరాల మీద ఇంత మమకారం ఎందుకు పెంచుకుందో ఒక్క మాట చెబుతాను. తెలియని రాశులకి మనవాళ్లు ఎప్పుడో రంగుల పేర్లు పెట్టుకున్నారు. భాస్కరాచార్యుల బీజగణితంలో మొదటి అజ్ఞాతరాశి యావత్తావత్తు, తర్వాతివి కాలకం, నీలకం, పీతకం. రాసేటప్పుడు అంత పేరు రాయలేదు. మొదటి అక్షరం పట్టుకున్నారు: యా, కా, నీ, పీ. యూరప్‌లో వియెట్ 1591లో అక్షరాలతో లెక్క చేశాడు. ఎక్స్, వై, జెడ్ అలవాటు 1637లో దెకార్త్ దగ్గర స్థిరపడింది. గుణకారానికి గుర్తు లేకుండా పక్కపక్కన రాసుకునే సౌకర్యం కావాలంటే పేరు ఒక్క అక్షరమే ఉండాలి మరి. కంప్యూటర్ వచ్చాక కథ అడ్డం తిరిగింది. 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గుణకారానికి నక్షత్రం గుర్తు (*) తప్పనిసరి, కాబట్టి పేరు ఆరు అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. ప్రోగ్రాములు రాసే చేత్తోనే మనం సూత్రాలూ రాస్తున్నాం. నక్షత్రం గుర్తు ఇక్కడ వదిలేశాం, పొడుగు పేర్లు మాత్రం వెంట తెచ్చుకున్నాం. గొడవంతా అక్కడే.

అందుకే పేరు ఎలా అచ్చు వేయాలని అడిగే ముందు, అంత పేరు కావాలా అని చూసుకోండి. మీ అయిదో అధ్యాయంలో టోటల్ రెసిస్టెన్స్ అని పూర్తి మాటలు మూడు సూత్రాల్లో ఉన్నాయి. మీ రంగంలో దానికి ఆర్ రాసి కింద చిన్న టీ పెట్టే అలవాటు ఉండనే ఉంది. అదే వాడండి. ఒక అక్షరం, కింద ఒక గుర్తు, గుణకారం అనుమానమే రాదు. అలాగే వేవ్ హైట్ అని మీ ప్రోగ్రామ్‌లోని పేరుని అండర్‌స్కోర్‌తో సహా తెచ్చి డాలర్ల మధ్య అతికించారు. ఏమైందో చూశారా? అండర్‌స్కోర్ అంటే టెక్‌కి సబ్‌స్క్రిప్ట్. హైట్‌లోని మొదటి అక్షరం హెచ్ ఒక్కటే కిందికి జారింది, మిగిలింది పైకి వచ్చింది. మిగిలిన అక్షరాలు కలిపి చదివితే ఇంగ్లిష్‌లో ఎనిమిది. వేవ్ కింద హెచ్, పక్కన ఎనిమిది! సూత్రంలో దానికి హెచ్ చాలు. ప్రోగ్రామ్‌లోని పేరునే చూపించాల్సి వస్తే సూత్రం బయట, మామూలు వాక్యంలో, టైప్‌రైటర్ ఫాంట్‌లో చూపించండి. అప్పుడు అది కోడ్ అని ఎవరికైనా తెలుస్తుంది.

జీఎం, జీజెడ్ సంగతి మాత్రం వేరు. వాటిని ఒంటి అక్షరాలు చేయమని నేను చెప్పను. వాటి పుట్టుకే వేరు. జీ గరిమనాభి, ఎం మెటాసెంటర్, కే కీల్ (ఓడ అడుగు), బీ ప్లవన కేంద్రం. ఇవన్నీ ఓడ అడ్డుకోత బొమ్మలో బిందువుల పేర్లు. జీఎం అంటే జీ నుంచి ఎం దాకా ఉన్న దూరం, స్కూల్లో రేఖాఖండం ఏబీ అన్నట్టే. కేబీకి బీఎం కలిపి కేజీ తీసేస్తే జీఎం వస్తుంది అన్నప్పుడు మీ చదువరి మనసులో ఆ నిలువు గీత మీద బిందువులు ఒకటొకటిగా కనబడతాయి. ఆ రెండక్షరాల్లో ఉన్న బొమ్మని పోగొట్టుకోకూడదు. కాబట్టి పేర్లు అలాగే ఉంచి మ్యాథ్‌ఐటీలో పెట్టండి. ఓడ ఫై కోణం ఒరిగినప్పుడు దాన్ని తిరిగి నిలబెట్టే భుజం జీజెడ్. జీజెడ్ = జీఎం సైన్ ఫై అనే సూత్రంలో జీఎం కలిసి వాలుగా, సైన్ నిలువుగా, ముందూ వెనకా సన్నని ఎడంతో పడాలి. సైన్‌ని బ్యాక్‌స్లాష్‌తో కొడితే ఆ ఎడం టెక్కే ఇస్తుంది, ఒక ఎమ్‌లో (ఫాంట్ సైజంత వెడల్పులో) ఆరో వంతు. బ్యాక్‌స్లాష్ మరిచిపోతే మాత్రం ఎస్, ఐ, ఎన్ మూడూ వాలి గుణకారంలో చేరిపోతాయి. మీ 31వ పేజీలో ఒకచోట చేరాయి, చూసుకోండి.

కొన్ని పుస్తకాల్లో జీఎం నెత్తిన అడ్డగీత పెడతారు. రెండక్షరాలనీ కట్టిపడేస్తుంది కాబట్టి మంచి పద్ధతే. కానీ మీ థీసిస్‌లో సగటు విలువలకి అప్పటికే అడ్డగీత వాడారు. ఒకే గీత రెండు పనులు చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. వద్దు. అలాగని జీఎంని నిలువు అక్షరాల్లోనూ పెట్టకండి. నిలువుగా రెండు పెద్దక్షరాలు కనబడితే సంక్షిప్త నామం అనిపిస్తుంది. 1948లో జలఉష ఓడని నీళ్లలోకి దింపిన షిప్‌యార్డు ఉన్న ఊళ్లో జీఎం అంటే జనరల్ మేనేజర్ గారు కూడా గుర్తొస్తారు. ఆయన్ని సైన్ ఫైతో గుణించడం బాగుండదు.

డిస్‌ప్లేస్‌మెంట్‌ని (ఓడ తొలగించే నీటి బరువుని) జీజెడ్‌తో గుణించే చోట మాత్రం టెక్ మీకు ఎడం ఇవ్వదు. రెండూ రాశులే కదా, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మధ్యలో బ్యాక్‌స్లాష్ కామా కొట్టి సన్నని ఎడం పెట్టండి, లేదా గుణకారం చుక్క పెట్టండి. ఒక సూత్రంలో రెండు పొడుగు పేర్లు పక్కపక్కన వస్తే నేనైతే చుక్కే పెడతాను. ఎడాన్ని నమ్ముకుంటే జెరాక్స్ తీశాక మోసపోతాం.

ఇక కింద పెట్టే గుర్తులు, సబ్‌స్క్రిప్టులు. థీసిస్‌లలో ఎక్కువ తప్పులు ఇక్కడే చూస్తుంటాను. నియమం చిన్నది: కింద ఉన్నది మరో రాశి అయితే వాలుగా, ఉత్త లేబుల్ అయితే నిలువుగా. స్థిర పీడనం దగ్గర విశిష్టోష్ణం అన్నప్పుడు సీ కింద ఉన్న పీ పీడనం, అది రాశి, వాలాలి. గతిజ శక్తి అన్నప్పుడు ఈ కింద ఉన్న కే కైనెటిక్ అనే మాటకి పొట్టి రూపం, నిలబడాలి. మీరు వీ కింద మ్యాక్స్ అని మామూలుగా కొట్టారు. ఎం, ఏ, ఎక్స్ మూడూ వాలి, ద్రవ్యరాశి ఇంటూ త్వరణం ఇంటూ దూరం అన్నట్టు తయారైంది. దాన్ని మ్యాథ్‌ఆర్‌ఎంలో పెట్టండి, నిలువుగా కుదురుగా వస్తుంది.

మీ ఫ్రెండ్ చెప్పిన టెక్స్ట్ కమాండ్ అక్కడే దెబ్బ కొట్టింది. అది చెడ్డది కాదు గానీ చుట్టూ ఉన్న వాక్యం ఏ ఫాంట్‌లో ఉంటే తనూ ఆ వేషం వేస్తుంది. మామూలు పేరాలో నిలువుగా వచ్చిన మీ మ్యాక్స్, బొమ్మ కింద కాప్షన్‌లో వాలింది. మీ కాప్షన్లన్నీ ఐటాలిక్‌లో పెట్టుకున్నారు మరి. శీర్షికలో పెట్టి ఉంటే బోల్డ్ కూడా అయ్యేది. ఒకే రాశి మూడు చోట్ల మూడు వేషాల్లో కనబడితే చదివేవాడు మూడు రాశులనుకుంటాడు. టెక్స్ట్‌ని నిజంగా మాటలున్న చోట వాడండి. సూత్రం మధ్యలో "అయితే", "లేకపోతే" లాంటివి రాయాల్సి వస్తే అదే సరైనది, ఎందుకంటే అందులో స్పేసులు నిలుస్తాయి. మ్యాథ్‌ఆర్‌ఎంలో రెండు మాటలు కొడితే స్పేసు మింగేసి ఒకే మాట చేస్తుంది. హైఫన్ కొడితే ఇంకా ఘోరం, పొడుగాటి మైనస్ గుర్తు పడుతుంది. హైఫన్ ఉన్న పేరు ఎడమ మాటలోంచి కుడి మాట తీసేసినట్టు ఉంటుంది.

వాస్తవ భాగానికి, అంటే మీ కో-గైడ్ గారి అభ్యంతరానికి, ఆపరేటర్‌నేమ్ వాడండి. ఏఎంఎస్‌మ్యాథ్ ప్యాకేజీలో ఉంటుంది. నిలువు అక్షరాలు ఇస్తుంది, సైన్‌కి ఇచ్చినట్టే పక్కన ఎడం కూడా చూసుకుంటుంది. ఆర్, ఈ నిలువుగా ఉండాలి కదా అని ఉత్త మ్యాథ్‌ఆర్‌ఎంలో పెడితే అక్షరాలు సరిగానే పడతాయి గానీ తర్వాత వచ్చే గుర్తు మీదకి వచ్చి ఆనుకుంటుంది.

ఇప్పుడు ఒక గొయ్యి చూపిస్తాను, దాటి వెళ్లండి. బ్యాక్‌స్లాష్ పెట్టి ఆర్, ఈ కొడితే అయిపోతుందిగా అనుకుని చాలామంది కొడతారు. లేటెక్‌లో ఆ పేరు ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు. వాస్తవ భాగానికి పాతకాలపు గుర్తు, జర్మన్ గోతిక్ రాతలో మెలికలు తిరిగిన ఒక ఆర్, వచ్చి పడుతుంది. రేనాల్డ్స్ నంబరు స్థానంలో ఆ ముగ్గు చూసి ప్రింటర్ పాడైందనుకున్న పిల్లలు నా దగ్గరికి వచ్చారు. మెకానికల్ వాళ్లకి ప్రాంట్ల్ నంబరు దగ్గర ఇదే తంటా. బ్యాక్‌స్లాష్ పీ, ఆర్ కొడితే గోతిక్ రాదు, చూడటానికి బాగానే పీఆర్ అని పడుతుంది, కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం. అది సంభావ్యతకి ఇచ్చిన పేరు. నిలువుగా ఉంటుంది, పైగా విడిగా నిలబెట్టిన సూత్రంలో దానికి సబ్‌స్క్రిప్ట్ ఇస్తే పక్కన కాకుండా సరిగ్గా పొట్ట కిందికి వెళ్తుంది.

కాబట్టి సొంత పేరు పెట్టుకోండి. ఫైలు మొదట్లోనే న్యూకమాండ్‌తో ఆర్, ఈ, వై అనే మూడక్షరాల కమాండ్ ఒకటి తయారుచేసి, దాని అర్థం మ్యాథ్‌ఐటీలో ఆర్‌ఈ అని రాసుకోండి. జర్నల్ ఆఫ్ ఫ్లూయిడ్ మెకానిక్స్ టెంప్లేట్‌లో కూడా రేనాల్డ్స్‌కి ఆ పేరే ఉంది. తెలుగువాడికి "రేయ్" అని కేకేసినట్టుంటుంది గానీ మరిచిపోం. జీఎంకి, జీజెడ్‌కి, ఫ్రూడ్‌కి, వాస్తవ భాగానికి కూడా అలాగే తలా ఒకటి. పేర్లు పెట్టే ఇంకో కమాండ్ డెఫ్ ఉండగా న్యూకమాండ్ ఎందుకంటే, మీరు పెట్టిన పేరు అప్పటికే వేరేవాళ్లకి ఉంటే అది ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. డెఫ్ మారుమాట్లాడకుండా పాతదాన్ని తుడిచేస్తుంది.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే నా చేయి కాలింది. కుర్రతనంలో వన్‌టౌన్‌లో ఒక ప్రెస్సులో కంపోజింగ్ నేర్చుకున్నాను. సీసం అక్షరాల రోజులు. ఐటాలిక్ కేసు చిన్నది, ఎక్స్‌లు ఎక్కువున్న పేజీ వస్తే అక్షరాలు చాలేవి కావు. ముందు పేజీ అచ్చయ్యాక విప్పి, కడిగి, తర్వాత పేజీకి పేర్చేవాళ్లం. అప్పుడు ప్రతి అక్షరం చేత్తో తీసి స్టిక్కులో పెట్టేది కాబట్టి ఏది వాలాలో ఏది నిలవాలో వేళ్లకి తెలిసేది. కంప్యూటర్లొచ్చాక మద్దిలపాలెంలో డీటీపీ సెంటర్ పెట్టాను. ఒకబ్బాయి థీసిస్‌లో రేనాల్డ్స్ నంబరు అంతటా నిలువుగా ఉంది, వాల్చాలి. రేపే బైండింగ్. ఫైండ్-రీప్లేస్ తెరిచి, పెద్ద ఆర్, చిన్న ఈ ఎక్కడ కనబడితే అక్కడ ఐటాలిక్ చేయమని ఒక్క నొక్కు నొక్కాను. పని అయిపోయిందని టీ తాగడానికి వెళ్లాను. రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు, 6 కాపీలు. వైవాలో ఎగ్జామినర్ ఆఖరి పేజీలు తిరగేసి, "ఏం బాబూ, రిఫరెన్సులకి కూడా రేనాల్డ్స్ నంబరు ఉందా?" అన్నాడట. రిఫరెన్సెస్, రిజల్ట్స్, రెసిస్టెన్స్, ఆ రెండక్షరాలతో మొదలైన ప్రతి మాటకీ తల వాలిపోయి ఉంది. 6 కాపీలూ నా ఖర్చుతో మళ్లీ కట్టించాను. పేరుకో కమాండ్ ఉంటే నిర్వచనం ఉన్న ఒక్క వరస మారిస్తే సరిపోయేది.

ఆ ఒక్క వరస మీకు ఇంకో విధంగా కూడా పనికొస్తుంది. రేపు ఈ పని పేపరుగా పంపితే కొన్ని జర్నళ్లు రేనాల్డ్స్ నంబరుని నిలువుగా అడుగుతాయి. అడిగితే వాళ్ల మాటే వినండి, వాదించకండి. ఐఎస్‌ఓ ప్రమాణంలో ఇలాంటి రెండక్షరాల నంబర్లు వాలుగానే ఉంటాయి, థీసిస్‌కి నేను ఓటు వేసేది దానికే. ఒక పుస్తకంలో ఒకే పద్ధతి ఉంటే చాలు.

పైన చెప్పినదంతా మామూలు లేటెక్‌కి. మీరు తెలుగు కూడా కొడుతున్నారంటే జీలేటెక్ లేదా లువాలేటెక్ వాడుతున్నట్టున్నారు. అందులో యూనికోడ్-మ్యాథ్ ప్యాకేజీ పెట్టుకుని ఉంటే రెండు కమాండ్లు విడిగా ఉంటాయి: సిమ్‌ఐటీ ఒంటి గుర్తుకి, మ్యాథ్‌ఐటీ పూర్తి మాటకి. మీకు కావాల్సింది రెండోదే. వర్డ్‌లో కొట్టే మీ స్నేహితులకి కూడా ఒక మాట చెప్పండి. ఈక్వేషన్ బాక్సులో మాటని కొటేషన్ గుర్తుల మధ్య కొడితే మామూలు నిలువు మాటగా పడుతుంది, లేదా మాట సెలెక్ట్ చేసి నార్మల్ టెక్స్ట్ బటన్ నొక్కాలి. మ్యాక్స్, మిన్ లేబుళ్లకి అది చాలు.

ఇక మీ స్కూలు చార్టు. వేగం = దూరం / కాలం అని డాలర్ల మధ్య కొట్టారు, అచ్చులో ఈక్వల్ గుర్తు, గీత మాత్రం మిగిలాయి. మ్యాథ్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. లేని అక్షరాన్ని టెక్ ఎర్రర్ ఇవ్వకుండా వదిలేస్తుంది, లాగ్ ఫైల్లో "మిస్సింగ్ క్యారెక్టర్" అని ఒక వరస రాసి ఊరుకుంటుంది. ఫాంట్‌లో ఉన్నా లాభం లేదు. మ్యాథ్ మోడ్ ప్రతి అక్షరాన్నీ విడిగా చూస్తుందని చెప్పాను కదా, అలా చూస్తే గుణింతాలు, ఒత్తులు కుదరవు. "శక్తి"లో కకి త ఒత్తు పట్టాలంటే ఆ మాట మొత్తాన్ని ఒక ముక్కగా ఫాంట్‌కి అప్పగించాలి. కాబట్టి ఇక్కడ మీ ఫ్రెండ్ సలహాయే సరైనది: ప్రతి తెలుగు మాటనీ టెక్స్ట్‌లో పెట్టండి, డాక్యుమెంట్‌కి మండలి లాంటి తెలుగు ఫాంట్ పెట్టుకోండి.

తెలుగు మాటల్ని వాల్చొద్దు. మన లిపికి ఐటాలిక్ అనే అలవాటు లేదు. కంప్యూటర్ బలవంతంగా వాలిస్తే తలకట్టు ఒక పక్కకి, ఒత్తు ఇంకో పక్కకి పోతాయి. నిలువుగానే ఉంచండి, మాటల మధ్య గుణకారం ఉన్న చోట ఇంటూ గుర్తు తప్పకుండా పెట్టండి. పిల్లల చార్టు కాబట్టి భిన్నం గీత పొడుగ్గా, పైమాట, కిందమాట రెండిటికంటే రెండు వైపులా కాస్త బయటికి వచ్చేలా పెట్టించండి. దూరం నుంచి చూసినప్పుడు "కాలం" పైన ఉన్నది "దూరం" అని తెలియాలి. "కాలం"లోని అక్షరాల తలలు గీతకి తగులుతున్నాయేమో ఫ్లెక్సీకి ఇచ్చే ముందు ఏ4 మీద ఒకసారి ప్రింటు తీసి చూసుకోండి.